మూడు ఊళ్లు... మూడో పిన్ను!

సికింద్రాబాదు స్టేషన్లో నాతోపాటు టిక్కెట్టు లేని ప్రయాణీకుడొకడు రైలెక్కాడు. నలుచదరం ఒళ్లు, ఒంటినిండా టేపు పట్టీలు, పక్కటెముకల మీద గాజుగ్లాసు బొమ్మ! ఎవరో కాదండీ, 5.1 హోమ్ థియేటరు పెట్టె. సీటు కింద పట్టదు. పైన పెడితే ఎవరి నెత్తిన పడుతుందోనని భయం. చివరికి చంటిపిల్లాణ్ణి కూచోబెట్టుకున్నట్టు ఒళ్లోనే పెట్టుకున్నాను. ఎదుటి సీటు పెద్దమనిషి "పెళ్లి సామానా బాబూ?" అని అడిగాడు. "కాదండీ, సినిమా సామాను" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఇక నాతో మాట అనవసరమనుకున్నాడేమో, కిటికీ వైపు తిరిగాడు.

నా సినిమా పిచ్చి మా బంధువర్గంలో అందరికీ తెలిసిందే. ఎవరింట్లో కొత్త టీవీ దిగినా ముందు కబురు నాకే. నేను ఇంజనీరును కాను, మెకానిక్కునీ కాను. వైర్లు ఎక్కడివక్కడ గుచ్చి, పాట పెట్టి, "ఆహా" అనిపించుకుని, భోంచేసి వచ్చేవాణ్ణి. పోయిన ఎండాకాలం మూడు పిలుపులు ఒకేసారి వచ్చాయి. జనగామలో అక్క, మహబూబాబాదులో చిన్నాయన, భూపాలపల్లిలో చిన్ననాటి దోస్తు. 2016 అక్టోబరు 11 దాకా ఈ మూడూ వరంగల్లు జిల్లా ఊళ్లే. ఆ రోజునుంచి మూడూ మూడు జిల్లా కేంద్రాలయ్యాయి. పది రోజులు సెలవు పెట్టి, సంచీలో ఓ స్క్రూడ్రైవరు, ఓ టెస్టరు వేసుకుని, మహా గొప్ప నిపుణుడిలా బయల్దేరాను. ఎలా తిరిగొచ్చానో చివరిదాకా చదివి మీరే చెప్పండి!

* * *

భువనగిరి, ఆలేరు దాటాక పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకుని సుత్తితో సుతారంగా కొట్టి దేవుళ్లనీ, నెమళ్లనీ పుట్టించే ఊరు. ఆ తర్వాత జనగామే. పోతన గారి బమ్మెర ఇప్పుడు ఈ జిల్లాలోదే. మన సినిమావాళ్లకి పోతన అంటే 'భక్త పోతన'లో చిత్తూరు నాగయ్య గారి ముఖమే కదా కళ్ల ముందు కదిలేది! మా అక్క అత్తగారికైతే నాగయ్య అంటే మరీ ప్రాణం. అసలీ కథంతా ఆవిడ వల్లనే మొదలైంది.

అత్తమ్మ రెండేళ్ల కింద వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచి మంచమే లోకం. అంతకుముందు జనగామలో కొత్త బొమ్మ పడితే మొదటి వారంలోనే చూసొచ్చే మనిషి. మంచాన పడ్డాక ఒకటే కోరిక: "పెద్ద బొమ్మల 'లవకుశ' ఒక్కసారి చూడాలె." చిన్నప్పుడు నాయనతో ఎడ్లబండి కట్టుకుని పోయి చూసిందట. తెలుగులో పూర్తిగా రంగుల్లో వచ్చిన మొదటి సినిమా అదే, 1963లో. సీతమ్మ కట్టుకున్న చీర రంగు కూడా ఆవిడకి ఇప్పటికీ గుర్తే!

మా అక్క బట్టలు కుడుతుంది. జాకెట్టుకింతని పక్కనేసి, రెండేళ్లు కూడబెట్టి, 43 అంగుళాల టీవీ కొన్నది. హోమ్ థియేటరు నా కానుక.

పెట్టె విప్పేసరికి వీధిలో పిల్లలంతా గుమ్మంలో చేరారు. వాళ్ల ముందు నా పాండిత్యం ఎలా ఒలకబోశానో చెప్తాను, మీకూ పనికొస్తుంది. ముందుగా చూసే మనిషి ఎక్కడ కూచుంటుందో చూసుకోవాలి. ఇక్కడ అత్తమ్మ మంచమే కేంద్రం. మధ్య స్పీకరు టీవీ కిందే వుండాలి. మాటలన్నీ దాదాపు అందులోంచే వస్తాయి, తెరమీద పెదవులు కదిలితే గొంతు పక్క గదిలోంచి రాకూడదు కదా! ఎడమ, కుడి స్పీకర్లు టీవీకి చెరోపక్క, కూచున్న మనిషి చెవి ఎత్తున. వెనకవి రెండూ మంచానికి చెరోపక్క, కాస్త వెనక్కి, చెవికి అడుగెత్తున. సబ్ వూఫర్ని గది మూలకి నెట్టామంటే ఢమఢమలు తప్ప ఇంకేం వినపడవు. అన్నిటికన్నా ముఖ్యం: స్పీకరు తీగల్లో ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. ఒక్క స్పీకరుకి అటూ ఇటూ అయితే గుండెల్లో దిగాల్సిన దరువు కాస్తా గాల్లో కలిసిపోతుంది. చాలా ఇళ్లలో "ఇంత డబ్బు పోస్తే ఇంతేనా" అనిపించేది ఇందుకే. ఇంకోమాట, ఆంప్లిఫయర్ని అద్దాల షోకేసులో బంధించకండి. దానికీ ఊపిరాడాలి.

నిజం చెప్పొద్దూ, 'లవకుశ'కి ఇన్ని స్పీకర్లు అక్కర్లేదు. ఆ రోజుల్లో శబ్దమంతా ఒకే దారిలో వచ్చేది. మనకి 70 ఎం.ఎం., ఆరు ట్రాకుల స్టీరియో అంటూ తెలుగులో రుచి చూపించింది కృష్ణగారి 'సింహాసనం', 1986లో. అయినా అత్తమ్మ ఆనందం అత్తమ్మది. "గొంతు గుండె మీదికి వస్తున్నదిరా" అన్నది.

చివరగా నా సంచీలోంచి బ్రహ్మాస్త్రం తీశాను. స్పైక్ బస్టరు! ఎర్రలైటు వెలిగే పొడుగాటి పెట్టె, ఆరు సాకెట్లు. టీవీ, ఆంప్లిఫయరు, సెట్‌టాప్ బాక్సు అన్నీ దానికే గుచ్చాను.

"తమ్మీ, ఈడ గాలిదుమారమొస్తే కరెంటు ఎక్కువ తక్కువైతది. ఏం గాదు గద?" అని అక్క అడిగింది.

"ఈ ఎర్రలైటు వెలుగుతున్నంతసేపు యముడు కూడా గడప దాటడక్కా!" అన్నాను.

గోడ సాకెట్టుకి మూడు బొక్కలున్నాయి. పెట్టె పిన్నుకి మూడు కాళ్లున్నాయి. సరిపోయింది. ఆ మూడో బొక్క వెనకాల ఏముందో చూడాలని నాకు తోచలేదు.

ఆ రాత్రి వాల్మీకిగా నాగయ్య గారు కనపడగానే అత్తమ్మ పడుకునే చేతులెత్తి దండం పెట్టింది. మూడున్నర గంటల సినిమా కదా, సగంలో కన్ను మూతపడింది. "మిగిలింది రేపు సూస్త" అన్నది. నేను తెల్లారే మానుకోట రైలెక్కాను.

* * *

మహబూబాబాద్ అని రైల్వే బోర్డు మీద వుంటుంది గానీ, జనం నోట్లో అది మానుకోటే. వరంగల్లు, నెక్కొండ, కేసముద్రం దాటి దిగేసరికి మిరపఘాటు ముక్కుపుటాలకి తగిలి తుమ్ము వచ్చింది. మిర్చి బస్తాల కాలం అది. చక్రిగారి కంబాలపల్లి ఈ జిల్లాలోదే. అందుకని చిన్నాయన ఇంట్లో కొత్త స్పీకర్ల పరీక్షకి 'ఇట్లు శ్రావణి సుబ్రహ్మణ్యం' పాటలు పెడదామని దారిలోనే నిశ్చయించుకున్నాను.

చిన్నాయన ఇల్లు ఊరి చివర, చేనుకి ఆనుకుని వుంటుంది. ఆయన టీవీ అనుభవం నాకన్నా పెద్దది. హైదరాబాదులో దూరదర్శన్ 1977లో మొదలైనా, ఆయన ఊరికి బొమ్మ రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. మొదట కొన్నది ఈసీ టీవీ, మన హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్లు చేసినది. 1987లో 'రామాయణం' వచ్చే ఆదివారాలు ఇల్లంతా జాతరేనట. చెప్పులు వాకిట్లో విడిచి, టీవీకి దండేసి, అప్పుడు కూచునేవారు! టీవీ పక్కనే బండరాయంత స్టెబిలైజరు. మోటార్లు నడిచే వేళకి ఓల్టేజి పడిపోతే అది 'టక్... టక్...' మని మీట మార్చుకునేది. "ఆ టక్కు టక్కు ఇనబడితెనే మాకు ధైర్యం, బిడ్డా" అన్నాడు.

ఇప్పటి టీవీలకి ఆ టక్కుటక్కుతో అంత పని లేదు. చాలా వాటి వెనక '100-240' అని అచ్చేసి వుంటుంది, చూడండి. కరెంటు 150కి పడిపోయినా అవి ఏడవకుండా నడుస్తాయి. వాటికి తక్కువతో తగాదా లేదు, ఎక్కువతోనే! చిన్నాయన చుట్టుపక్కల చేలల్లో వున్నవన్నీ బోరు మోటార్లు. 2018 జనవరి 1నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఆటో స్టార్టర్లు పీకెయ్యండని రైతులకి ఎందుకంతగా చెప్పారో ఆయన చేలో నిలబడితే అర్థమైంది. కరెంటు పోయి వచ్చిందంటే, ఆటో స్టార్టరున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు గుంజుతుంది. ఇంట్లో బల్బు మిణుగురు పురుగవుతుంది. ఆగేటప్పుడు మళ్లీ తీగలో ఓ ఎగురు! ఆ ఎగురు కంటికి కనపడదు. టీవీ లోపలి బోర్డుకి మాత్రం చెంపదెబ్బలా తగులుతుంది.

ఇంతకీ చక్రిగారి పాట పెట్టి, సంతోషంగా టీవీ వెనక ఇనప పట్టీ మీద చెయ్యేశాను. జివ్వుమంది! చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పెద్ద షాకు కాదు, చీమలు పాకినట్టు. స్పీకర్లలో కూడా పాట వెనక సన్నగా 'గుయ్'మని రొద.

చిన్నాయన ఊళ్లో ఎలక్ట్రీషియన్ని పిలిపించాడు. యాభై ఏళ్ల మనిషి, చెవిలో బీడీ. నా స్పైక్ బస్టర్ని చేతిలో తిప్పి చూసి, కింద పెట్టి, గోడ సాకెట్టు పలక విప్పాడు.

"సార్, ఇటు సూడు" అన్నాడు.

చూశాను. ఫేజు తీగ వుంది. న్యూట్రల్ వుంది. మూడో బొక్క వెనక... ఏమీ లేదు. తీగే లేదు. బొక్క మాత్రం అందంగా వుంది.

"ఎర్తు లేని ఇంట్ల గీ డబ్బ పెడితే ఏమొస్తది సార్? సగం పని ఎర్తు మీదికి తోసే డబ్బ గిది. తోసేటందుకు జాగనే లేకపాయె."

నా మొహం చూడాల్సింది! విషయమేమిటంటే, ఆ పెట్టెలో గుండీలంత బిళ్లలు వుంటాయి. ఎం.ఓ.వి. అంటారు. జింక్ ఆక్సైడు తోటి చేస్తారు. ఓల్టేజి మామూలుగా వున్నంతసేపు అవి గోడలా నిలబడతాయి. హద్దు దాటి ఎగిరిందా, ఆ క్షణానికి తలుపులా తెరుచుకుని దెబ్బని పక్కకి మళ్లిస్తాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఒకటి, ఆ రెండింటికీ ఎర్తుకీ మధ్య చెరొకటి వుంటాయి, మంచి పెట్టె అయితే. ఎర్తే లేకపోతే రెండు బిళ్లలు ఊరికే కూచుంటాయి. పైగా అవి అరిగిపోయే వస్తువులు. ప్రతి దెబ్బకీ కొంచెం చస్తాయి. ఎర్రలైటు మాత్రం ఎప్పట్లాగే వెలుగుతుంటుంది, బిళ్ల బతికుందో లేదో చాలా పెట్టెల్లో దానికి తెలీదు! సినిమాలో చచ్చిపోయిన హీరో పోస్టర్లో నవ్వుతున్నట్టన్నమాట.

మర్నాడు పొద్దున్నే గడ్డపార పడింది. రెండున్నర మీటర్ల జీఐ పైపు, నిలువు గొయ్యి, చుట్టూ ఓ పొర బొగ్గు, ఓ పొర ఉప్పు. పైన నీళ్లు పొయ్యడానికి గరాటు, సిమెంటు తొట్టి, దానికో మూత. అక్కణ్ణుంచి మెయిన్ బోర్డుకీ, బోర్డునుంచి ప్రతి సాకెట్టు మూడో బొక్కకీ తీగ లాగాడు. నేల తడిగా వుంటేనే ఎర్తు పనిచేస్తుంది, ఎండాకాలం నాలుగు రోజులకోసారి బిందెడు నీళ్లు పొయ్యమని చిన్నమ్మకి అప్పజెప్పాడు. సాయంత్రం మళ్లీ ఆ ఇనప పట్టీ మీద చెయ్యి వేశాను. జివ్వు లేదు. 'గుయ్' కూడా లేదు! ఆ నిశ్శబ్దంలో చక్రిగారి పాట విన్నాను చూడండి... హైదరాబాదులో కూడా అలా వినలేదు.

బీడీ వెలిగించుకుంటూ ఆయన ఇంకో మాట అన్నాడు. "గిది నయం సార్, తీగే లేదు. కొందరు పనోళ్లు ఇంకో చాలాకీ చేస్తరు. ఎర్తు గుంత తవ్వుడు ఎందుకని, సాకెట్ల న్యూట్రల్‌నే చిన్న ముక్కతోని మూడో పిన్నుకు గలుపుతరు. టెస్టర్ పెడితే అంతా మంచిగనే కనవడ్తది. న్యూట్రల్ తెగిన్నాడు మాత్రం ఆ వస్తువు ఒళ్లంత కరెంటే!"

నాకు వెంటనే జనగామ గోడ గుర్తొచ్చింది. మూడు బొక్కలు! ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. సరిగ్గా అప్పుడే అది మోగింది. అక్క.

"తమ్మీ... టీవీ పోయింది."

* * *

ఆ రాత్రి జనగామలో గాలిదుమారం లేచిందట. వేపకొమ్మ విరిగి తీగల మీద పడింది. కరెంటు పోలేదు, అదే చిత్రం! ఉన్నట్టుండి గదిలో బల్బు పెళ్లిపందిరిలో లైటులా తెల్లగా మండింది. ఫ్యాను ఎన్నడూ లేనంత జోరుగా తిరిగింది. "కరెంటు ఎంత మంచిగొచ్చింది" అనుకునేలోపల స్పైక్ బస్టర్లోంచి పొగ, టీవీలోంచి టపాకాయ పేలినట్టు చప్పుడు. అక్క ఆంప్లిఫయరు పక్కకి జరుపుదామని చెయ్యేసింది. అది విసిరికొట్టింది. ఇవతల పడింది గనక బతికింది.

నా చేతిలో టీ గ్లాసు అలాగే వుండిపోయింది.

జరిగింది ఇదీ. వీధి ట్రాన్స్‌ఫార్మరు నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఒక్కో ఇంటికి ఏదో ఒక ఫేజు, దానికి తోడు అందరికీ ఉమ్మడిగా న్యూట్రల్. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, ఫేజుకీ ఫేజుకీ మధ్య 400. కావడి మోసేవాణ్ణి తల్చుకోండి. బద్దకి రెండు పక్కలా రెండు కుండలు, మధ్యలో భుజం. ఆ భుజమే న్యూట్రల్. అది వున్నంతసేపు ఒక కుండలో ఎక్కువ నీళ్లున్నా, ఇంకో దాంట్లో తక్కువున్నా నడక సాగుతుంది. భుజం తప్పించారో, బరువు కుండ కిందికీ, తేలిక కుండ పైకీ! న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మీది ఇళ్లు ఒకదాని వెనక ఒకటి కట్టేసినట్టయి 400 వోల్టులూ పంచుకుంటాయి. కూలర్లూ ఫ్రిజ్జులూ నడుస్తున్న ఇంట్లో ఓల్టేజి పడిపోతుంది. ఓ టీవీ, ఓ ఫ్యాను, ఓ బల్బు మాత్రమే వున్న బీద ఇంటికి మిగతాదంతా వచ్చి పడుతుంది. ఎంత తక్కువ వాడితే అంత పెద్ద దెబ్బ! ఇంతకన్నా అన్యాయం ఏ సినిమా విలనూ చెయ్యలేదు.

340 వచ్చిందనుకోండి. టీవీ లోపలి బోర్డు దాన్ని డీసీగా మార్చేసరికి 480 అవుతుంది. అక్కడ కాపలా వుండే కెపాసిటరు ఒంటిమీద సాధారణంగా 450 అనే రాసుంటుంది. మరి పేలదూ? స్పైక్ బస్టరు సంగతంటారా, అది క్షణంలో లక్షో వంతు సేపు వచ్చే దెబ్బకి పుట్టింది. నిమిషాల తరబడి కూచునే ఓల్టేజి దాని వల్ల కాదు. తనే కాలిపోతుంది. పిడికెడు గింజలు పట్టే దోసిట్లో బస్తా కుమ్మరిస్తే ఏమవుతుంది!

నేను రాత్రికి రాత్రే బయల్దేరతానన్నాను. అక్క వద్దన్నది. "కొమ్మ తీసిండ్రు, తీగ గలిపిండ్రు. టీవీ బోర్డు షాపుకు పోయింది, నాలుగు దినాలంటున్నరు. నువ్వొచ్చి ఏం జేస్తవ్? ఆ పొలగాడు ఎదురుసూస్తుండు, పో." తిట్టి వుంటే బాగుండేది.

* * *

మానుకోటనుంచి వరంగల్లు వచ్చి, పరకాల, రేగొండ మీదుగా బస్సు. భూపాలపల్లికి రైలు లేదు. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు దూరంనుంచే కనిపిస్తాయి. 2010లో 500 మెగావాట్లు, 2016లో ఇంకో 600. "కరెంటు పుట్టిల్లు మీది, మీకేం భయంరా!" అన్నాను దోస్తుతో. "దీపం కింద చీకటి" అన్నాడు వాడు. నిజమే. ఇక్కడ పుట్టిన కరెంటు లక్షల వోల్టులెక్కి గ్రిడ్డులో కలిసి ఎటో పోతుంది. వీడింటికి వచ్చేది మనందరికీ వచ్చినట్టే, వీధి ట్రాన్స్‌ఫార్మరు దాటి, చెట్లూ గాలీ దాటి.

వాడి నాయన బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరయ్యాడు. కాకా అనే పిలుస్తాను. ఆయన ముందు నేను నోరు విప్పలేదు, పాఠం విన్నాను. "బాయిల ఎర్తు సక్కగ లేకుంటె మిషను ముట్టనియ్యరు, బిడ్డా. ఇంట్ల ఎందుకు ముడ్తరో!" అంటూ బీరువా మీంచి ఓ పాత సెట్‌టాప్ బాక్సు దింపాడు. పోయినేడు దగ్గర్లో పిడుగు పడ్డప్పటిది. ఎర్తు వుంది, మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టరు వుంది, స్పైక్ బస్టరు వుంది. అన్నీ బాగానే వున్నాయి, ఈ పెట్టె తప్ప! దెబ్బ కరెంటు తీగలో రాలేదు. డాబా మీది గొడుగు ఏంటెన్నా నుంచి కేబుల్లో దిగింది. పెట్టెని కాల్చి, హెచ్‌డీఎంఐ తీగ పట్టుకుని టీవీలోకి నడిచింది. మనం ముందు గుమ్మానికి మూడు తాళాలేసి పెరటి తలుపు బార్లా తీసిపెడతామన్నమాట!

పిడుగులో వేల ఆంపియర్ల కరెంటు వుంటుంది. నేరుగా పడితే ఏ పెట్టే ఆపలేదు. కాకా మంత్రం చాలా చిన్నది: మెరుపు కనపడగానే ప్లగ్గు పీకు, ఏంటెన్నా కేబులూ పీకు. ఉరుము నెత్తిమీదికి వచ్చాక కాదు, దూరంగా వుండగానే. స్విచ్చి ఆర్పితే చాలదు. స్విచ్చిలో వున్న సందు వెంట్రుకంత, ఆకాశంనుంచి దూకేదానికి అదో లెక్కా? ఆయన ఫోన్లో 'దామిని' యాప్ కూడా వుంది, పిడుగుల హెచ్చరిక ఇస్తుంది. పక్కనే కూచున్న ముసలమ్మ మాత్రం ఉరిమినప్పుడల్లా "అర్జునా, ఫల్గుణా" అనుకుంటూనే వుంది. కాకా ఆవిణ్ణి ఏమీ అనలేదు. ఆవిడ అర్జునుణ్ణి తల్చుకునేలోపల తను ప్లగ్గు పీకి వచ్చాడు.

భూపాలపల్లి దాకా వచ్చి గణపురం కోటగుళ్లు చూడకుండా ఎలా అని దోస్తు గొడవ చేశాడు. చూశాను. కాకతీయుల నాటి ఆ శిల్పాల ముందు కూడా నా కళ్లకి జనగామ గోడలో ఆ సాకెట్టే కనపడింది.

* * *

మళ్లీ జనగామ. ఈసారి ఒళ్లో పెట్టె లేదు. మెయిన్ ఆపించి, సాకెట్టు పలక విప్పాను. అనుకున్నదే! రెండంగుళాల నల్లతీగ ముక్క, న్యూట్రల్నుంచి మూడో పిన్నుకి. ఎవడో పని సులువు చేసుకున్నాడు. అయినా ఎవడో అని ఏం లాభం? ఆ పలకకి రెండే రెండు స్క్రూలు. నా సంచీలో స్క్రూడ్రైవరు మొదటిరోజూ వుంది.

అక్కతో ఆ మాట చెప్పేశాను. ఆమె ఆ నల్ల ముక్కని చేతిలోకి తీసుకుని చూసి, "గింతదానికా" అన్నది. ఇంకేం అనలేదు.

టీవీ బతికింది, బోర్డు మార్చారు. ఆంప్లిఫయరు బతకలేదు. వారంటీ కార్డు చూశాను. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల పోతే తమకు సంబంధం లేదని చీమతలకాయంత అక్షరాల్లో వుంది. మళ్లీ కొందామని నేను, వద్దని అక్క. ఆ డబ్బుతో ముందు గొయ్యి తవ్వించాం. ఉప్పు, బొగ్గు, పైపు. మెయిన్ బోర్డులో రెండు కొత్త వస్తువులు దిగాయి. ఒకటి కాకా చెప్పిన సర్జ్ ప్రొటెక్టరు. రెండోది ఓల్టేజి కటాఫ్: 270 దాటినా, మరీ పడిపోయినా ఇంటికి కరెంటు తెగ్గొట్టి, మామూలుకొచ్చాక మూడు నిమిషాలు ఆగి మళ్లీ ఇస్తుంది. న్యూట్రల్ తెగిన రాత్రికి మందు అదే, స్పైక్ బస్టరు కాదు. ఎం.సి.బి. వుంది కదా అంటారేమో, అది కరెంటు ఎక్కువ లాగితే పడుతుంది గానీ ఓల్టేజి ఎక్కువొస్తే దానికి పట్టదు. బల్బులు మరీ తెల్లగా మండుతున్నా, ఒకింట్లో వెలుగూ పక్కింట్లో గుడ్డిదీపం అయినా మెయిన్ ఆపి 1912కి ఫోన్ చెయ్యమని ఆ వీధిలో ఇంటింటికీ చెప్పొచ్చాను. గుమ్మంలో చేరిన పిల్లలకి ముందు చెప్పాను. వాళ్లయితే మర్చిపోరు.

సాయంత్రం ఆరింటికి అంతా సిద్ధం. స్పీకర్లు లేవు, టీవీ సొంత గొంతే. అత్తమ్మ వీపు వెనక దిండ్లు పెట్టించుకుని కూచుంది. సినిమా సరిగ్గా ఆగినచోటే మొదలుపెట్టాను. వాల్మీకి ఆశ్రమం. లవుడూ కుశుడూ తెరమీదికి వచ్చారో లేదో, కిటికీలో తెల్లగా మెరిసింది. దూరంగా, కొలనుపాక వైపెక్కడో, ఉరిమింది.

నేను రిమోటు కోసం చూసేలోపలే అక్క లేచి ప్లగ్గు పీకింది. ఆ చేత్తోనే కేబులూ పీకింది. కాసేపటికి కరెంటే పోయింది. గదంతా చీకటి. పిల్లలంతా "అయ్యో" అన్నారు.

"అయ్యో ఏందిరా" అన్నది చీకట్లోంచి అత్తమ్మ. "వాన ఎలిసేదాక కూసోండ్రి. మిగిలిన కథ నాకెరికే. గుర్రం ఒచ్చిందా... ఇగ అది ఆ పోరల కంట్ల పడ్డదన్నట్టు..."